ఆటోలో వచ్చిన పిల్లలు

బడిలో పిల్లలు ఎంతమంది ఉన్నారో హాజరుపట్టీ కన్నా ముందు వంటగిన్నె చెప్తుంది. నిరుడు జూన్‌లో బడి తెరిచిన మొదటివారం నేను అలవాటు ప్రకారం పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, మళ్ళీ దించి, చిన్నది పెట్టాను. ఏప్రిల్‌లో ముప్పై ఒక్కరు తిన్న అన్నం అది. జూన్‌లో తినేవాళ్ళు పదిహేడు మంది మిగిలారు.

మాది మౌలాలి గుట్ట వెనక రాళ్ళబస్తీ. బస్తీ మధ్యలో రెండు గదుల సర్కారు బడి, ఐదో తరగతి దాకా. ఇద్దరు టీచర్లు, వంటకు నేను. పదకొండేళ్ళుగా ఆ పొయ్యి నాదే. ఈ బడి మూసేస్తే టీచర్లకు ఇంకో బడి దొరుకుతుంది. పిల్లల్ని ఇంకో బడిలో కలుపుతారు. వంటమనిషిని మాత్రం ఎక్కడా కలపరు, ఎందుకంటే అక్కడ పొయ్యి ముందు ఎవరో ఒకరు ముందే కూర్చుని ఉంటారు.

ఇంకో సంగతి ముందే ఒప్పుకుంటాను. నాకు అనుమానం ఎక్కువ. పాలల్లో నీళ్ళు లేవంటే మరి ఇంకేం కలిపాడా అని చూస్తాను. కోడిగుడ్ల ట్రే వస్తే ఒక్కోటి చెవి దగ్గర ఊపి చూడనిదే సంతకం పెట్టను. "దీనికి దేవుడొచ్చి ఎదురుంగ నిలబడ్డా ఆధార్ కార్డు అడుగుతది" అనేది మా అత్త. మా ఆయన సోమయ్య పడీపడీ నవ్వేవాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన మీద మాత్రం నాకు ఎన్నడూ అనుమానం రాలేదు. ఆ జూన్ దాకా రాలేదు.

మా హెడ్మాస్టరమ్మ సీతారత్నం టీచరు. కోస్తా నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడిన కుటుంబం. మనిషి మెత్తన, మాట నెమ్మది. ఒకరోజు పిల్లలు తిని లేచాక ఆవిడ చేతిలో ఒక కాగితం పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చింది.

"చూశావా పుష్పమ్మా, వార్డు కమిటీ వాళ్ళ తాఖీదు. ఇరవై మంది కన్నా తక్కువుంటే మౌలాలి పెద్దబడిలో కలిపేస్తారట. బోనాలయ్యాక వచ్చి చూస్తారట."

"అది మూడు కిలోమీటర్లుంటది కద మేడం! రైలుగేటు దాటాలె. గింతంత పోరగాండ్లు ఎట్ల వోతరు?"

"అదే నేనూ రాశాను. నడిచి రాగలిగే దూరంలో ఉండాలి బడి, అందుకే ఇది ఉండి తీరాలి అని. కానీ ముందు పిల్లలు ఉండాలిగా." ఆవిడ కాగితం మడిచింది. "పద్నాలుగు మంది వెళ్ళిపోయారు. ఎక్కడికి వెళ్ళారంటావు?"

"ఇంకెక్కడికి, పసుపుగేటుకి."

పసుపుగేటు అంటే మెయిన్ రోడ్డు మీద దుర్గేష్ అనే అతను నడిపే ప్రైవేటు బడి. టై, బెల్టు, బూట్లు. గేటుకి పసుపురంగు వేయించాడు కాబట్టి మాకు అదే పేరు.

"అంత దూరం ఎలా వెళ్తున్నారు మరి?"

"ఆటోల."

"ఎవరి ఆటో?"

నేను గరిటె కడగడం మొదలుపెట్టాను. బస్తీలో బడిపిల్లల్ని తీసుకుపోయే ఆటో ఒక్కటే ఉంది. అది మా ఇంటి ముందే ఆగుతుంది.

"సరదాకి అన్నాన్లే," అంది టీచరు నవ్వుతూ. ఆవిడకది సరదానే. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆటో వెతికాను. వెనక సీటు ఎత్తితే జాకీ, తడిగుడ్డ, వాటి కింద ఒక కట్ట. పసుపురంగు కరపత్రాలు. 'మీ పిల్లల బంగారు భవిష్యత్తుకు' అని దుర్గేష్ ఫోటోతో సహా. కట్టకి రబ్బరుబ్యాండు వేసి ఉంది. దాన్ని చూడగానే నా ఒళ్ళు మండిపోయింది. ఆ రబ్బరుబ్యాండు ఇంకా ఎందుకు విప్పలేదో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ చెప్పే అవసరం నాకు ఉండేది కాదు. నేను అన్నిటినీ అనుమానిస్తాను గానీ నా అనుమానాన్ని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు.

కట్ట కొంగులో దాచుకుని బడికి పోయాను. బడి ఎదురింట్లో నాంచారమ్మ ఉంటుంది. అందరికీ నాంచారవ్వ. కూతురు చర్లపల్లిలో కంపెనీ పనికి పోతే ఇద్దరు మనవళ్ళని తనే సాకుతుంది. ఆ ఇద్దరూ మా బడి పిల్లలే. అవ్వ అరుగు మీద కూర్చుని చింతకాయ దంచుతోంది.

"ఏందే పుష్పా, మొకం గట్ల వెట్టినవ్?"

నేను చెప్పేశాను. మా బడి పిల్లల్ని మా ఆయనే మాటలు చెప్పి పసుపుగేటుకి మళ్ళిస్తున్నాడనీ, దుర్గేష్ ఆయనకి కమీషన్ ఇస్తున్నాడనీ. అనుమానం అని చెప్పలేదు. కళ్ళతో చూసినట్టే చెప్పాను. కరపత్రాలు కూడా చూపించాను.

అవ్వ రోకలి పక్కన పెట్టింది. "కంచెనే చేను మేస్తుందన్నట్టు."

"ఎవ్వలతోని అనకవ్వా."

"నేనెందుకంట బిడ్డా? నాకేం పనిలేదా?"

అవ్వ ఇంటి ముందే మంచినీళ్ళ నల్లా. రోజూ ఇరవై బిందెలు అక్కడ వరసలో నిలబడతాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఆ రోజు సాయంత్రం ఆయన ఛాయ్ తాగుతుంటే కట్ట తీసుకొచ్చి ముందు పెట్టాను.

"ఏందిది?"

"నన్ను అడుగుతున్నవా? నీ సీటు కింద ఉన్నది. మా బడిలకెళ్ళి పద్నాలుగు మంది వోయిన్రు. ఇరవై మంది లేకుంటె బడి మూస్తరంట. అండ్ల తొమ్మిది మంది నీ ఆటోలనే కూసుంటున్రు."

"ఆటో తోలేటోడు పిలిస్తె వోతడు. తల్లిదండ్రులు మాట్లాడుకున్నరు, నేను తోలుతున్న. గంతే."

"దుర్గేష్ ఒక్కో పోరగానికి ఎంతిస్తుండు?"

ఛాయ్ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆయన అరుస్తాడని, నేను కూడా అరవొచ్చని ఎదురు చూస్తున్నాను. అరవలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు నిజంగనే అడుగుతున్నవా?"

"నిజంగనే అడుగుతున్న."

"నీకు పిల్లలు గావాలె. అంతేనా?"

"అంతే."

"ఇరవై దాటాలె."

"దాటాలె."

ఆయన లేచి బయటికి పోయాడు. ఛాయ్ సగం అలాగే ఉండిపోయింది.

తర్వాత సోమవారం పొద్దున తొమ్మిదింటికి నేను పప్పు కడుగుతుంటే ఆటో వచ్చి బడి ముందు ఆగింది. అందులోంచి పిల్లలు దిగారు. ఒకరు, ఇద్దరు, నలుగురు. దిగుతూనే ఉన్నారు. తొమ్మిది మంది. నూనె లేని జుట్లు, కాళ్ళకి సిమెంటు దుమ్ము. యాప్రాల్ పోయే రోడ్డులో పెద్ద అపార్టుమెంట్లు కడుతున్నారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలు అక్కడే రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్ళ పిల్లలు ఏ బడికీ పోవడం లేదు. మా ఆయన మూడు రోజులు ఆ షెడ్ల చుట్టూ తిరిగి, తల్లిదండ్రుల్ని ఒప్పించి, తీసుకొచ్చాడు.

"లెక్క సరిపోయిందా?" అన్నాడు నాతో. అది మాత్రమే అన్నాడు.

సీతారత్నం టీచరుకి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. ఆ సాయంత్రమే ఆటో ఎక్కి షెడ్లకు వెళ్ళి తల్లిదండ్రుల సంతకాలు తెచ్చుకుంది. పదిహేడూ తొమ్మిదీ ఇరవై ఆరు. నేను పెద్ద గిన్నె దించి బూడిదతో తోమాను. షెడ్ల పిల్లలు మొదటిరోజు గుడ్డు తినలేదు. జేబుల్లో పెట్టుకున్నారు. ఇంట్లో తమ్ముళ్ళున్నారట. నేను ఇంకా రెండు ఉడికించి, ఇక్కడే తినండని పక్కన కూర్చున్నాను. వాళ్ళలో సింధూర అని ఎనిమిదేళ్ళ పిల్ల, ఊళ్ళో రెండేళ్ళు చదివింది, గలగలా మాట్లాడేది, నెల తిరిగేసరికి తెలుగు వాచకం గడగడా చదివింది. ఆ నెల నాకు వంట బరువనిపించలేదు.

ఒక్క ఇంట్లోనే మాటల్లేవు. ఆయన పొద్దున షెడ్లకు పోయేవాడు, పిల్లల్ని దించేవాడు, మళ్ళీ సాయంత్రం తీసుకుపోయేవాడు. మధ్యలో ఆటో స్టాండుకి పోవడం మానేశాడు. మధ్యాహ్నం ఇంట్లోనే పడుకునేవాడు. పసుపుగేటు ట్రిప్పు ఏ వేళకి కొడుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోతే నా బుర్ర ఊరుకోదు కదా. ఇందులో కూడా ఏదో మతలబు ఉందనే అనుకున్నాను.

దుర్గేషే వచ్చి ఆ ముడి విప్పాడు. జులై మొదట్లో ఒక మధ్యాహ్నం బండి మీద బడి దగ్గరికి వచ్చి, నన్ను బయటికి పిలిచాడు.

"పుష్పక్కా, నీ మొగనికి జెర సమజ్ చెయ్. పదిహేను దినాలాయె నా ట్రిప్పు బంద్ పెట్టి. పొద్దుగాల రెండు బడుల పిల్లల్ని ఒక్కటే టైముకి ఎట్ల తోల్తనన్నడు. నేను ఇంకో ఆటో పెట్టుకున్న. అయినా సోమన్న మంచిగ తోల్తడు, వాపస్ వస్తె తీసుకుంట."

"బంద్ పెట్టిండా?"

"నీకు చెప్పలేదా? మొండోడు. ఎండాకాలంల పాంప్లెట్లు పంచమని ఇస్తె ఒక్కటి సుత పంచలే. 'మా ఇంటామె ఆ బడిలనే వండుతది సార్, నాతోని కాదు' అన్నడు."

దుర్గేష్ పోయాక నేను వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆదివారం మంచి బోటి తెప్పించి, ఆయనకి ఇష్టమైనట్టు గట్టిగా వండి పెట్టాను. తప్పయిందనే మాట నోటికి రాలేదు. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఇక అంతా సర్దుకున్నట్టే అనుకున్నాను. నాంచారవ్వ దగ్గరికి పోయి, ఆ రోజు అన్నది అబద్ధమవ్వా అని చెప్పాలని ఒకసారి అనిపించింది. అవ్వ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది, మానిన పుండు నేనే ఎందుకు గీకాలి అనుకుని ఊరుకున్నాను.

సికింద్రాబాదులో లష్కర్ బోనాలైన వారానికి కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు. మాట్లాడేవాడు ఒక్కడే, హరికిషన్ సార్. తెల్లచొక్కా, చల్లని ముఖం. అందరినీ అమ్మా అనే పిలిచాడు. అంత మర్యాద చూసి నాకు అనుమానం పట్టుకుంది. ఈయన మా తొమ్మిది మందిని దొంగపేర్లు అనడానికే వచ్చాడు, ఆ ఒక్కరోజు కోసం ఎక్కడి నుంచో పట్టుకొచ్చామని రాయడానికే వచ్చాడు అనుకున్నాను. ఆయన పట్టీ చూస్తుంటే ఆయన వేలు ఏ పేరు దగ్గర ఆగుతుందా అని చూస్తూ నిలబడ్డాను.

"నువ్వు ఏ తరగతి బిడ్డా?" అని సింధూరని అడిగాడు.

"మూడో తరగతి సార్."

"మీ ఇల్లెక్కడ?"

"యాప్రాల్ దిక్కు సార్. షెడ్లల్ల."

"అంత దూరంకెళ్ళి రోజు వస్తవా?"

పిల్ల తడబడుతుందేమోనని నేను గరిటె పట్టుకునే ముందుకు వచ్చాను.

"రోజొస్తది సార్! తొమ్మిది మంది రోజొస్తరు. మా ఆయనే ఆటోల తెస్తడు. వానొచ్చినా, బోనాలొచ్చినా ఒక్కనాడు సుత నాగా లేదు. కావాలంటే పట్టీ చూడుండ్రి."

"ఎన్ని కిలోమీటర్లుంటది అమ్మా?"

"ఐదు కిలోమీటర్లు సార్."

"పిల్లలకు తక్లీఫేం లేదా?"

"ఏం తక్లీఫ్ సార్? పాటలు పాడుకుంట వస్తరు."

ఆయన రాసుకున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు. తర్వాత నా సాంబారు రుచి చూసి బాగుందన్నాడు. బయట ఆటో దగ్గర నిలబడ్డ మా ఆయనకి చేయి కలిపి, "మీ అసొంటోళ్ళుండాలె అన్నా బస్తీకి," అన్నాడు. కారు కదిలాక నేను టీచరు చేయి పట్టుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"అన్ని కిలోమీటర్లని చెప్పకుండా ఉండాల్సిందేమో పుష్పమ్మా," అంది. ఎందుకన్నదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆగస్టు మొదటివారంలో ఉత్తరం వచ్చింది. టీచరు దాన్ని నా ముందే చదివింది, రెండోసారి నెమ్మదిగా చదివింది. ఇరవై ఆరు మంది ఉన్నట్టు ఒప్పుకున్నారు. దొంగపేర్లని ఎక్కడా అనలేదు. అయితే ఈ బడి పిల్లల్లో కొందరు ఇప్పటికే ఐదు కిలోమీటర్లు ఆటోలో ఏ ఇబ్బందీ లేకుండా వస్తున్నట్టు సిబ్బందే చెప్పారు కాబట్టి, మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్దబడికి వెళ్ళడం ఎవరికీ కష్టం కాదని కమిటీ భావిస్తోంది. అందరికీ ఒక్కచోటే మంచి వసతులు అందుతాయి. ఆగస్టు పదహారు నుంచి విలీనం. పిల్లల్ని తీసుకుపోవడానికి, ఇప్పటికే నమ్మకంగా నడుస్తున్న సోమయ్య ఆటోను కమిటీయే కుదుర్చుకుంటుంది.

"సిబ్బంది అంటే నేనేనా మేడం?"

టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నడిచి రావాలి కాబట్టి బడి ఉండాలన్నాను నేను. ఇప్పుడు ఆ మాట నిలబడదుగా."

నేను పొయ్యి దగ్గర కూర్చుండిపోయాను. నేను ఆ రోజు కట్ట తెచ్చి ముందు పెట్టకపోతే ఆయన షెడ్లకి పోయేవాడు కాదు. షెడ్లకి పోకపోతే ఆటో లేదు. ఆటో లేకపోతే ఈ వాక్యం లేదు. బడి ఎలాగూ పోయేదేమో. పదిహేడు మందితో పోయేదేమో. కానీ పోయింది మాత్రం నా నోటితో పోయింది. ఆయనతో చెప్తే, "తోలమంటె తోల్తా. షెడ్ల పిల్లలు చదువు షురూ చేసిన్రు, వాళ్ళను నడిమిట్ల ఇడిచిపెడ్తనా?" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

పంద్రాగస్టు జెండా ఎగరేసి, లడ్డూలు పంచి, ఆ సాయంత్రమే గదులకి తాళం వేశారు.

పదహారు పొద్దున ఆయన ముందు షెడ్ల పిల్లల్ని పెద్దబడిలో దించి, ఎనిమిదిన్నరకి బస్తీ పిల్లల కోసం తిరిగి వచ్చాడు. చిన్నపిల్లల్ని రైలుగేటు దాకా పట్టుకుని కూర్చోడానికి నేనూ వస్తానన్నాను. ఆటో తాళం వేసిన బడి ముందు ఆగింది. ఆయన హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాడు. నాంచారవ్వ మనవళ్ళిద్దరూ తలదువ్వుకుని అరుగు మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. నల్లా దగ్గర ఆడవాళ్ళు మాటలాపి మమ్మల్నే చూస్తున్నారు.

నేను దిగి అవ్వ దగ్గరికి వెళ్ళాను. "తోలియ్యవ్వా పిల్లల్ని. టైమైతుంది."

"మీ ఆటోల పంప."

"ఎందుకు?"

"బడి మూపిచ్చినోని ఆటోల నా మనుమలను ఎక్కియ్యాల్నా? ముందుగాల పసుపుగేటోనికి అమ్మిండు. ఇయ్యాల కమిటీకి అమ్మి కిరాయి మాట్లాడుకున్నడు. బస్తంతా అంటున్రు, నేనొక్కదాన్నే కాదు."

"అబద్ధమవ్వా! దుర్గేష్ దగ్గర ఆయన ఏం తీసుకోలే. ఆ కాయిదాలు సుత పంచలే. ఒట్టు, నా తల మీద ఒట్టు."

అవ్వ నన్ను జాలిగా చూసింది. "మొగణ్ణి కాపాడుకుంటున్నవ్, తప్పు లేదు. మరి ఆ దినం ఈ అరుగు మీద కూసొని నువ్వే చెప్పినవ్ కద పుష్పా? నేను పుట్టిచ్చిన్నా? కాయిదాలు సుత నువ్వే చూపిస్తివి."

అవ్వకి చెవులు మందం. మాట గట్టిగా వస్తుంది. నేను వెనక్కి తిరిగేసరికి ఆయన హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. నేను ఆటో దగ్గరికి నడిచాను.

"ఎన్నడు చెప్పినవ్?" అన్నాడు.

"జూన్ల. నిన్ను అడిగిన దినమే. పొద్దుగాల."

ఆయన తలూపాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది నాకు.

"ఆ మాట స్టాండుల జూన్లనే ఇన్న నేను," అన్నాడు. "కమీషన్ సోమయ్య అని నా ఎనక నవ్వుతుండ్రి. ఎవడు పుట్టిచ్చిండో తెల్వక, నాతోని స్టాండుల ఆటో తోలే రాజుగాని కాలర్ పట్టుకున్న. దుర్గేష్‌తోని లొల్లి వెట్టుకున్న. నీ మీద తప్ప అందరి మీద అనుమానపడ్డ పుష్పా."

ఇంకో ఐదు నిమిషాలు చూశాడు. ఎవరూ రాలేదు. ఆటో ఖాళీగానే తిప్పుకుని పోయాడు. నన్ను ఎక్కమనలేదు.